రక్తం వస్తోందని బ్రష్ మానేయకండి

సంపాదకులకు నమస్కారం.

బ్లడ్ క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్నవారు చిగుళ్ల నుంచి రక్తం కనబడగానే చేసే మొదటి పని బ్రష్ మానేయడం. నీళ్లు పుక్కిలించి సరిపెడతారు. వాళ్ల భయం న్యాయమైనదే, కానీ ఫలితం తిరగబడుతుంది. కొద్ది రోజుల్లోనే పళ్ల మొదళ్లలో పాచి పేరుకుని చిగురు వాస్తుంది. అంతవరకు తాకితే వచ్చిన రక్తం తాకకుండానే రావడం మొదలవుతుంది. తెల్లకణాలు తగ్గి ఉన్నప్పుడు ఆ పాచిలోని బ్యాక్టీరియా రక్తంలోకి చేరితే ప్రాణం మీదికి వస్తుంది.

ల్యుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్‌లో చిగుళ్ల రక్తానికి కారణం ఒక్కటే కాదు. ఎముక మజ్జ క్యాన్సర్ కణాలతో నిండిపోవడం వల్ల, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్ల తయారీ పడిపోతుంది, కీమో దాన్ని ఇంకా తగ్గిస్తుంది. మైక్రోలీటరుకు 1.5 నుంచి 4.5 లక్షలు ఉండాల్సినవి 20 వేల కిందికి, మరీ 10 వేల కిందికి దిగితే ఏ దెబ్బా తగలకుండానే రక్తం రావచ్చు. వేగంగా ముదిరే అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియాలో, ముఖ్యంగా మోనోసైట్లనే తెల్లకణాలకు సంబంధించిన ఉపరకాల్లో, క్యాన్సర్ కణాలే చిగుళ్లలో చేరి, పళ్లను కప్పేసేంతగా వాటిని ఉబ్బిస్తాయి. ఈ వాపు పళ్లు క్లీన్ చేయిస్తే పోదు, కీమోతోనే తగ్గుతుంది. అందులోనే ప్రోమైలోసైటిక్ అనే మరో రకంలోనైతే రక్తం గడ్డకట్టే వ్యవస్థే దెబ్బతింటుంది. అక్కడ ఒక్క రోజు ఆలస్యం కూడా ప్రమాదమే.

అందుకే దంతవైద్యులకు ఒక మనవి. పాచి కొంచెమే ఉండి రక్తం ఎక్కువగా వస్తున్నా, చిగుళ్ల వాపుతోపాటు ఒళ్లు పాలిపోయినా, చర్మం మీద సూదిమొనంత ఎర్రచుక్కలో కమిలిన మచ్చలో కనిపించినా, స్కేలింగ్ (పళ్ల క్లీనింగ్) మొదలుపెట్టే ముందే సీబీపీ (రక్తకణాల లెక్క తేల్చే పరీక్ష) రాయండి.

ఇక ఇంట్లో చేయాల్సినవి. అతి మెత్తని నైలాన్ కుచ్చుతో, చిన్న తల ఉన్న బ్రష్ తీసుకోవాలి. దాన్ని ఒక నిమిషం వేడినీళ్లలో ఉంచితే ఇంకా మెత్తబడుతుంది. చిగురు అంచున ఏటవాలుగా ఆనించి, ఒత్తకుండా చిన్నచిన్నగా కదుపుతూ రోజుకు రెండుసార్లు తోమాలి. తోమిన ప్రతిసారీ రక్తం ఆగకుండా వస్తుంటే, డాక్టరును అడిగి కొద్దిరోజులు తడిపిన గాజుగుడ్డను వేలికి చుట్టుకుని తుడుచుకోవచ్చు. కౌంట్లు (రక్తకణాల సంఖ్య) కోలుకోగానే మళ్లీ బ్రష్‌కు రావాలి. స్పాంజి పుల్లలు నోటిని తడుపుతాయే గానీ పాచిని సరిగా తీయలేవు. ఫ్లాస్ (పళ్ల సందులు శుభ్రం చేసే దారం) ముందునుంచీ అలవాటు లేనివారు ఇప్పుడు మొదలుపెట్టకూడదు. టూత్‌పిక్ అసలే వద్దు.

లీటరు నీటిలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి నాలుగు గంటలకోసారి పుక్కిలించి ఉమ్మేయాలి. ఏ రోజు నీళ్లు ఆ రోజే కలుపుకోవాలి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ మంట పెడుతుంది, నోటిని ఎండగడుతుంది. క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ రాసిచ్చి ఉంటే పేస్టుతో తోమిన అరగంట తర్వాతే వాడాలి. నోటి ఫంగస్‌కు ఇచ్చే నిస్టాటిన్ కూడా వాడుతుంటే రెండూ ఒకేసారి పోసుకోవద్దు, క్లోర్‌హెక్సిడిన్ దాన్ని పనిచేయనివ్వదు.

రక్తం మొదలైతే పడుకోకుండా కూర్చుని తల కాస్త ముందుకు వంచాలి. తడి గాజుగుడ్డను మడిచి, రక్తం వచ్చే చోట 15 నుంచి 20 నిమిషాలు గట్టిగా అదిమి ఉంచాలి. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఆగిందో లేదోనని నిమిషానికోసారి తీసి చూస్తే అప్పుడే కట్టిన గడ్డ గుడ్డతోపాటు ఊడివస్తుంది. ఆగాక కూడా కొన్ని గంటలు గట్టిగా పుక్కిలించడం, ఉమ్మడం, స్ట్రాతో తాగడం మానాలి. డాక్టరు రక్తస్రావాన్ని ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్ ద్రావణం ఇచ్చి ఉంటే గుడ్డను అందులో తడిపి అదమవచ్చు. అదే మందు మాత్రలను మాత్రం సొంతంగా వేసుకోకూడదు. ప్రోమైలోసైటిక్ రకంలోనూ, మూత్రంలో రక్తం పోతున్నప్పుడూ లోపల గడ్డలు కట్టి హాని చేయవచ్చు.

అరగంటకీ ఆగకపోయినా, తలనొప్పి, చూపు మసక, నల్లటి విరేచనం, 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం, వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. చిగుళ్ల నొప్పికి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దు. ఆస్పిరిన్ తగిలిన ప్లేట్‌లెట్ తన ఆయుష్షంతా, అంటే 7 నుంచి 10 రోజులు, సరిగా పనిచేయదు. పారాసిటమాల్ వేసుకునే ముందు కూడా జ్వరం చూసుకోవాలి, లేకుంటే అది జ్వరాన్ని కప్పేస్తుంది.

పాడైన పన్ను పీకాల్సి వస్తే, కౌంట్లు పడిపోవడానికి కనీసం 10 రోజుల ముందే ఆ పని ముగియాలి. ప్లేట్‌లెట్లు 50 వేలకు తగ్గకుండా ఉండాలి. అక్యూట్ రకాల్లో అంత వ్యవధి చాలాసార్లు దొరకదు. అప్పుడు కీమోను ఆపడం కన్నా, యాంటీబయాటిక్‌తో నెట్టుకొచ్చి, రెండు కోర్సుల మధ్య కౌంట్లు పెరిగినప్పుడు పీకడమే మేలు. ఆ నిర్ణయం దంతవైద్యులు, రక్త క్యాన్సర్ వైద్యులు కలిసి తీసుకోవాలి.

క్యాన్సర్ విభాగాలను కోరేది ఒకటే. డిశ్చార్జి కాగితంలో మందుల పక్కనే, ప్లేట్‌లెట్లు ఎంతుంటే బ్రష్, ఎంతుంటే గాజుగుడ్డ అన్నది రోగి చదువుకునే భాషలో రాసివ్వండి.

— చిగుళ్ల వ్యాధుల వైద్య బృందం