మా సమాధుల తోటకు దారి ఎప్పుడు వేస్తారు? మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారములు. గుంటూరు పక్క పల్లె నుంచి రాస్తున్నాను. మా సమాధుల తోట దారి గురించి మూడుసార్లు అర్జీ పెట్టాను. పోయిన వారం ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడింది అని. నమ్మి తోట దాకా నడిచి వెళ్ళాను. దారి మునుపు ఎలా ఉందో అలాగే ఉంది.

ఆ దారిలోనే పోయిన అక్టోబరులో మా అత్తగారిని తీసుకెళ్ళాం. నలభై ఏళ్ళు మిర్చి తొడిమలు తీసిన మనిషి ఆవిడ. ఆ ఘాటుకు దగ్గి దగ్గి పోయింది. రెండు రోజులుగా వాన. మాది నల్లరేగడి, అడుగేస్తే మోకాలిదాకా దిగబడుతుంది. పెట్టె మోస్తున్న ఆరుగురిలో ఇద్దరు జారిపడ్డారు. పెట్టె నేలకు తగలకూడదని మా ఆయన బురదలో మోకాళ్ళ మీద కూర్చుని భుజం ఆనించారు. కన్నతల్లి పెట్టె అండీ అది. తీరా వెళ్తే తవ్విన గుంటలో నీళ్ళు. పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే మా మరిది బకెట్టుతో తోడుతూనే ఉన్నాడు. ఆ నీళ్ళలోనే ఆవిడను దించాం. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ నిద్రలో వినిపిస్తుంది.

మా ఊళ్ళోనే ఇంకో సమాధుల తోట ఉంది. దానికి సిమెంటు రోడ్డు, ప్రహరీ, లైట్లు ఉన్నాయి. అక్కడ పడుకున్నవాళ్ళూ యేసును నమ్ముకున్నవాళ్ళే, కాకపోతే పెద్ద కులాల వాళ్ళు. వాళ్ళ మీద నాకు కోపం లేదు, వాళ్ళ పిల్లలకు నేనే చదువు చెప్పాను. మాకెందుకు వేయలేదని ఆఫీసులో అడిగితే "వాళ్ళది ముందే శాంక్షన్ అయిందమ్మా" అన్నారు. నేను అర్జీ పట్టుకుని పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా వరండాలో నిలబడ్డ రోజున, కారులో వచ్చిన పెద్దమనుషులను లోపలికి పిలిచి కుర్చీలు వేశారు.

ఆ వేళ నాకు యాకోబు పత్రిక రెండో అధ్యాయం గుర్తొచ్చింది. బంగారు ఉంగరం పెట్టుకుని వచ్చినవాణ్ణి మంచి చోట కూర్చోబెట్టి, మాసిన బట్టల పేదవాణ్ణి అక్కడ నిలబడమంటే అది పాపమని అందులో తేటగా ఉంది. ఆ మాట ముందు మా సంఘాలకే తగలాలి. ఒకే దేవుణ్ణి ఆరాధిస్తూ రెండు తోటలు పెట్టుకున్నది మేమే. పాస్టర్లతోనూ ఇదే అంటున్నాను. కానీ సర్కారు డబ్బు ఒక తోటకు వెళ్ళి రెండోదానికి రాకపోవడం మీ చేతిలో పని.

ఇది గుంటూరు అండీ. 1883లో అమెరికా మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ ఇక్కడికొచ్చి, 1898లో ఆసుపత్రి తెరిచారు. జమీందారుల ఇళ్ళ ఆడవాళ్ళకూ పల్లెల్లోని పేదవాళ్ళకూ వైద్యం చేశారు. నన్ను మా అమ్మ కన్నది ఆ ఆసుపత్రిలోనే. క్రైస్తవులంటే అలా ఉండాలని వింటూ పెరిగాను.

మొన్న డిసెంబరులో మా ఊరి క్రిస్మస్‌కు మీరు వచ్చి కేకు కోశారు. క్రీస్తు అందరినీ సమానంగా చూశాడని, మా తోట దారి బాధ్యత నాది అని మైకులో చెప్పింది మీరే. మా పేటలో అందరం చప్పట్లు కొట్టాం. మా ఆయన ఆ రాత్రి ఏడ్చారు, అమ్మ కోసమైనా దారి పడుతుందని. తర్వాత రెండుసార్లు మీ ఆఫీసుకు వచ్చాను. సారు మీటింగులో ఉన్నారన్నారు.

దయచేసి ఒక్కసారి వచ్చి ఆ దారిలో నడవండి. ఆ తోటకు వేసినట్టే మాకూ రోడ్డు వేయించండి, నీళ్ళు నిలవకుండా మట్టి తోలించండి. రెండు తోటలూ ఒకటి చేస్తామంటే మా పేట మొత్తం సంతకాలు పెడుతుంది. మా వీధి చివర ఇంట్లో ఒక పెద్దాయన మంచం పట్టి ఉన్నారు. నేను చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా "దారి వేశారా అమ్మా?" అని అడుగుతున్నారు. జూన్‌లో వానలు మొదలయ్యేలోపు ఆయనకు ఏదో ఒకటి చెప్పాలి. ఏం చెప్పమంటారు?

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
గుంటూరు జిల్లా