మంత్రగత్తెల గోడలో పోయిన ముక్క

మాడ్రిడ్

చెల్లీ,

స్పెయిన్ చిత్రకారుడు గోయా గీసిన మంత్రగత్తెల సభ బొమ్మలో, కుర్చీలో కూర్చున్న అమ్మాయిని అంత అంచుకు ఎందుకు నెట్టాడని అడిగావు. గోయా నెట్టలేదమ్మా. ఆమె వెనక ఇంకా గోడ ఉండేది.

1819లో మాడ్రిడ్ శివార్లలో ఇల్లు కొని, 1823 లోపు దాని గోడల మీదే ‘నల్ల బొమ్మలు’ అని పేరుపడ్డ చిత్రాలు వేశాడు. ఈ సభ వాటిలో ఒకటి. తడి సున్నం మీద వేస్తే రంగు గోడలోకి ఇంకి బిగుస్తుంది. ఈయన ఆరిన గచ్చు మీద నూనె రంగులు వాడాడు. అవి పైపొరగానే ఉండిపోతాయి, చెమ్మ తగిలితే పెచ్చులు లేస్తాయి.

1874లో ఆ ఇల్లు ఎర్లాంజే అనే బ్యాంకరు చేతిలో ఉంది. బొమ్మల్ని గోడ నుంచి కాన్వాసు మీదికి మార్చే పని పాత బొమ్మలు బాగుచేసే మార్తీనెస్ కుబెల్స్‌కి అప్పగించాడు. మామూలుగా ఈ పనిలో బొమ్మ ముఖానికి జంతు జిగురుతో పలచటి గుడ్డ అంటిస్తారు. జిగురు ఆరి బిగిశాక, రంగుపొరను గోడ నుంచి విడదీసి, వీపున కాన్వాసు అతికించి, ముందున్న గుడ్డను గోరువెచ్చటి నీళ్లతో నానబెట్టి ఒలుస్తారు. గచ్చు అంతటా ఒకే గట్టిదనంతో ఉండదు. గట్టిగా పట్టిన చోట రంగు గోడకే ఉండిపోతుంది. అలా పోయిన చోట్ల కుబెల్స్ తన కుంచెతో పూడ్చాడు. అందుకే ఈ బొమ్మలో ప్రతి గీతనూ గోయాదే అనుకోకు.

ఈ సభ బొమ్మకు ఇంకో దెబ్బ తగిలింది. కుడివైపు దాదాపు 140 సెంటీమీటర్లు పోయాయి. గోడ మీద ఉండగా లోరాన్ అనే ఫోటోగ్రాఫరు తీయించిన ఫోటోల వల్లే అది తెలుస్తోంది. ఇప్పుడు ఇక్కడి ప్రాడో మ్యూజియంలో మిగిలింది సుమారు 140 ఎత్తు, 436 పొడవు. నాకు ఇది నిజంగా బాధ. ఆ ఖాళీ జాగా ఉంటేనే ఆ పిల్ల గుంపుకు ఎడంగా, ఒంటరిగా కనిపిస్తుంది.

పోల్చి చూడాలంటే 1798 నాటి చిన్న బొమ్మ ఉంది, 43 × 30 సెంటీమీటర్లే, లాసారో గల్దియానో మ్యూజియంలో. మొదటి నుంచీ కాన్వాసే. అందులో మేకపోతు రూపంలో ఉన్న సైతాను మనకేసి తిరిగి, కొమ్ములకు ఆకుల దండతో, నెలవంక కింద కూర్చుంటుంది. గోడ బొమ్మలో అదే మేకపోతు ఒట్టి నల్లటి నీడ. వెలుగంతా ఎదుటి ఆడవాళ్ల కళ్ల తెల్లగుడ్ల మీద, తెరిచిన నోళ్ల మీద పడుతుంది. రెండిటికీ పేరు ‘అకెలార్రె’. బాస్క్ మాట అది: అకెర్ అంటే మేకపోతు, లార్రె అంటే పచ్చిక బయలు.

పదో వంతు కొలతలో, 14 సెంటీమీటర్ల ఎత్తు, 57 పొడవు కాగితం తీసుకో. ఎడమ నుంచి 43 వరకు నీ ప్రింటు చూసి గీయి, కుడివైపు 14 ఖాళీగా వదిలెయ్యి. ఆ ఖాళీని ఒకసారి అట్టతో మూసి, ఒకసారి తెరిచి చూడు. గీసింది నాకు పంపు.

అక్క