చింతపండుతో తోమిన కాణీకి మళ్లీ పాత రంగు

సంపాదకులకు నమస్కారం.

పండగ దగ్గరపడితే చాలు, పత్రికల ఇంటి చిట్కాల్లోనూ ఫోన్‌లో వచ్చే వీడియోల్లోనూ ఇత్తడి చెంబులతో పాటు పాత రాగి నాణేలను కూడా చింతపండు, ఉప్పు వేసి తోమేయమంటున్నారు. చెంబుకు అది మంచిదే. బుడితి ఇత్తడి పని చూస్తూ పెరిగిన మా శ్రీకాకుళం వాళ్లకి మెరుగు విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ నాణెం సంగతి వేరు, రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు.

ఏళ్ల తరబడి రాగి మీద పట్టే ముదురు గోధుమ రంగు మురికి కాదండీ. గాలి తగిలి ఆ రాగే ముందు ఎర్రటి ఆక్సైడ్‌గా, తర్వాత నల్లటి ఆక్సైడ్‌గా మారి పలచటి పొరలా కూర్చుంటుంది, కింది లోహాన్ని కాపాడేది కూడా అదే. చింతపండు పులుపు ఆ పొరను కరిగించేస్తుంది. మా వీధిలో ఒకాయన 1862 నాటి విక్టోరియా కాణీ, అంటే పావు అణా చూపించారు, ఇంట్లో పిల్లలు పీచు పెట్టి తోమేశారట. కొత్త రాగి తీగలా గులాబీ రంగులో మెరుస్తోంది, రాణి దుస్తుల మీద పూల పని ఉన్న చోట అడ్డదిడ్డంగా సన్న గీతలు, అంకెల మూలల్లో మాత్రం కాస్త నలుపు మిగిలింది. చూస్తే ప్రాణం ఉసూరుమంది.

ఆ గీతలు ఇక పోవు. రంగు మాత్రం చాలావరకు తెచ్చుకోవచ్చు, తొందరపడకపోతే. ముందు పులుపు మిగలకుండా నాణేన్ని బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌లో వేసి, నీళ్లు మారుస్తూ ఒకట్రెండు రోజులు ఉంచాలి, తర్వాత మెత్తటి నూలు గుడ్డతో అద్దాలి, రుద్దకూడదు. చేతి జిడ్డు పోవడానికి అసిటోన్ అనే త్వరగా అంటుకునే ద్రవంలో ఒకసారి ముంచాలి, కిటికీ తెరిచి, పొయ్యికి దూరంగా. ఆ తర్వాత నా మాట వింటే ఇంకేమీ చేయొద్దు, కాగితం కవర్లో పెట్టి బీరువాలో పడేయండి, ఏడాది రెండేళ్లలో ఆ గులాబీ మెరుపు దానంతటదే తగ్గుతుంది. పీవీసీ అనే రకం ప్లాస్టిక్ కవర్లు మాత్రం వద్దు, వాటివల్ల నాణెం మీద పచ్చటి జిగురు పడుతుంది.

అంత ఓపిక లేనివాళ్లకి ఉడికించిన కోడిగుడ్డు ఉంది. వేడిగా ఉండగానే సగానికి కోసి మూత ఉన్న డబ్బాలో పెట్టి, గుడ్డు తగలకుండా పక్కనే ఏదైనా చిన్న మూత మీద నాణెం ఉంచితే, గుడ్డులోంచి వచ్చే గంధకపు వాయువు రాగిని కొన్ని గంటల్లో గోధుమ రంగుకి తెస్తుంది. మాటిమాటికీ చూస్తుండాలి, నల్లబడేదాకా వదిలేస్తే అది కూడా కృత్రిమంగానే కనిపిస్తుంది. గంధకం పొడిని వాజెలిన్‌లో కలిపి పలచగా రాసి, కొంచెం వెచ్చబెట్టి తుడిచేసే పద్ధతి కూడా నాణేలు సేకరించేవాళ్లలో ఉంది. ఏది చేసినా ముందు బాగా అరిగిపోయిన, విలువలేని కాణీ మీద చూసుకోండి. గ్యాస్ మంట మీద పెట్టి కాల్చడం మాత్రం వద్దే వద్దు, ఊదా, నారింజ రంగులు తేలి ఇంకా పాడవుతుంది.

లేత ఆకుపచ్చ పొడిలా రాలుతుంటే రంగు సంగతి మర్చిపోండి, అది ఉప్పు, తేమ కలిసి లోహాన్ని తినేస్తున్న గుర్తు. కళింగపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో మరీ జాగ్రత్తగా ఉండాలి. అలాంటి నాణేన్ని వేరుగా తీసి తేమ పీల్చే సిలికా జెల్ పొట్లంతో గట్టి మూత డబ్బాలో పెట్టాలి. ఇక శాలిహుండం, రామతీర్థం లాంటి పాత బౌద్ధ క్షేత్రాల చుట్టుపక్కల పొలాల్లో పాత నాణేలు బయటపడితే కడగనే కడగొద్దు, 1878 నాటి నిధుల చట్టం ప్రకారం మట్టిలో దొరికిన పది రూపాయల విలువ దాటిన నిధి గురించి కలెక్టరుకి చెప్పాలి.

ఇంకో మాట, ఇలా రంగు తెచ్చిన నాణేన్ని అమ్మితే ఆ విషయం చెప్పే అమ్మాలి. తోమిన నాణేనికి తోమని దాని ధర రాదు, రంగు మార్చి ఆ ధర రాబట్టాలనుకోవడం కొనేవాణ్ణి మోసం చేయడమే.

సంక్రాంతి ముందు మళ్లీ ఇత్తడి, రాగి సామాన్ల చిట్కా వేస్తే, కింద ‘నాణేలకు వాడొద్దు’ అని ఒక్క ముక్క వేయండి, ఆ ఒక్క లైనుకు చోటు సరిపోతుంది.

ఇట్లు
పాత నాణేలు దాచుకునే ఒక పాఠకుడు, శ్రీకాకుళం