రాగి తగ్గినా మా బిందె ఎందుకు తగ్గలేదంటే

నమస్కారం. పోయిన ఆదివారం ఒక రిటైర్డ్ మాస్టారు మనవరాలి సారె సామాను కోసం శ్రీకాకుళంలో మన కొట్టుకి వచ్చారు. ఇత్తడి బిందె తిరగేసి, అడుగున వేలితో కొట్టి, మోత విని అప్పుడు అడిగారు: "ఎక్కడో ఉద్యోగాలు తగ్గాయని వార్త వస్తే రాగి పడుతుందట, బంగారం పెరుగుతుందట. నీ బిందె మాత్రం కదలదేంటి బాబూ?" బేరాల రద్దీలో ఆయనకి సగమే చెప్పగలిగాను. మిగతా సగంలో నా తప్పుంది, అందుకే అందరికీ రాస్తున్నాను.

మనం అమ్మేది మన జిల్లాలోని బుడితి ఊళ్లో చేసే సామాను. ఇత్తడంటే రాగి, జింకు. కంచంటే రాగి, తగరం. రాగికి ప్రపంచమంతా చూసే ధర లండన్ మెటల్ ఎక్స్ఛేంజీది, అదీ డాలర్లలో. రాగి ఎక్కువగా పోయేది కరెంటు తీగలకీ, మోటార్లకీ, కొత్త కట్టడాలకీ. ఫ్యాక్టరీలు నెమ్మదిస్తాయన్న కబురు రాగానే రాగి, క్రూడాయిల్ ముందు జారతాయి. షేర్లు కూడా కంపెనీల లాభాలు తగ్గుతాయన్న భయంతో పడతాయి. ఒక్కోసారి మాత్రం, మళ్లీ పనులు పుంజుకోవడానికి కేంద్ర బ్యాంకు వడ్డీ తగ్గిస్తుందన్న ఆశతో అదే వార్తకి లేస్తాయి కూడా.

బాండంటే ప్రభుత్వానికో కంపెనీకో ఇచ్చిన అప్పుకి పత్రం. దాని లెక్క వేరు. ఏడాదికి నూటికి 7 రూపాయలిచ్చే పాత బాండు మీ దగ్గర ఉందనుకోండి. కొత్తవాటి మీద 6 రూపాయలే వస్తుంటే మీ దానికి గిరాకీ పెరిగి, ధర లేస్తుంది. బంగారం వడ్డీ ఇవ్వదు కాబట్టి, బయట వడ్డీ తగ్గేకొద్దీ దాన్ని దాచుకోవడం వల్ల పోగొట్టుకునేది తక్కువ. అందుకే అదీ పైకే.

2024 ఆగస్టులో ఇదంతా కళ్లారా చూశాం. 2వ తేదీన అమెరికాలో నిరుద్యోగం 4.3 శాతానికి పెరిగిందని చెప్పారు. జపాన్‌లో అప్పటికే వడ్డీ పెంచడంతో అక్కడ చౌకగా అప్పు తెచ్చి షేర్లు కొన్నవాళ్లూ వాటిని అమ్మడానికి దిగారు. 5న సెన్సెక్స్ 2,222 పాయింట్లు పడింది. ఆ రోజు బంగారం కూడా కాస్త దిగింది, నష్టాలు పూడ్చుకోవడానికి చేతిలో ఉన్నది అమ్మేశారు మరి. రెండు వారాలు తిరక్కుండానే ఔన్సు 2,500 డాలర్లు దాటింది. రాగి మాత్రం మే నెలలో టన్ను 11,000 డాలర్లు దాటినది, ఆగస్టు మొదట్లో 9,000 కిందికి వచ్చేసింది.

ఇక నా సంగతి. ఆ మే నెలలోనే, ఇంకా పెరిగిపోతుందన్న టెన్షన్‌తో, శ్రావణం పెళ్లిళ్లకని అప్పు చేసి మరీ సరుకు నింపేశాను. రాగి దిగాక కూడా ఆ సరుకు అయిపోయేదాకా పాత రేటే వేశాను. అడిగినవాళ్లకి "రేటు తగ్గలేదమ్మా" అన్నాను. సరుకు ఎక్కువకి కొన్నానని చెప్పి ఉంటే సరిపోయేది. తగ్గలేదన్న ఆ మాట అబద్ధం, నన్ను క్షమించండి.

అలాగని రాగి పదిశాతం దిగితే బిందె పదిశాతం దిగదు. అచ్చు పోసి, కరిగించి, చిత్రిక పట్టి, మెరుగు పెట్టే పనివాళ్ల మజూరీ అందులో ఉంది. లోహం పడిందని వాళ్ల కూలి నేను కోయను, ఈ విషయంలో బేరం లేదు. రూపాయి బలహీనపడితే డాలర్లలో తగ్గింది కూడా మన దాకా పూర్తిగా రాదు.

ఈ నెల నుంచి బిల్లులో రెండు వరసలు వేస్తున్నాం: ఆనాటి లోహం ధర కిలోకి ఎంత, మజూరీ ఎంత. పెళ్లి ఆర్డర్లకి అడ్వాన్స్ ఇచ్చిన రోజు, సామాను తీసుకెళ్లే రోజు, రెంటిలో లోహం ధర ఏది తక్కువైతే అదే. 2024 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో కొన్నవాళ్లు ఆ బిల్లు తెస్తే, ఈసారి కొనే దానిలో తేడా తగ్గిస్తాను. బిల్లు పారేసినా ఫర్వాలేదు, మా పుస్తకంలో పేర్లూ తూకాలూ ఉన్నాయి. మాస్టారి బిందె తూచి పక్కన పెట్టాను. కొత్త లెక్క చూశాకే డబ్బు తీసుకుంటాను.