కోచ్‌ను పంపే ముందు ఒక కాగితం రాయండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో పేరున్న జట్టు ఏదైనా ప్లేఆఫ్స్ (లీగ్ దశ తరువాతి పోరు) నుంచి ఇంటిదారి పట్టిందంటే చాలు, హెడ్‌కోచ్‌ను ఉంచాలా, సాగనంపాలా అన్న చర్చ మర్నాటికల్లా మొదలవుతుంది. చర్చలో తప్పేమీ లేదు, తేల్చే పద్ధతిలోనే ఉంది తప్పంతా. ఎన్ని గెలిచాడు, ఎన్ని ఓడాడు, టైటిల్ వచ్చి ఎన్నేళ్లయింది అని లెక్కేసి తీర్పు చెప్పేస్తున్నారు. అందులో కోచ్ వాటా ఎంత, ఆటగాళ్ల వాటా ఎంత, గాయాల వాటా ఎంత అన్నది ఎక్కడా కనిపించదు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కొత్త కోచ్ వచ్చి, ఇదే జట్టుతో, ఫలానా పని వేరేగా చేస్తాడని యాజమాన్యం ఒక కాగితం మీద రాసుకోగలిగితే ఉన్న కోచ్‌ను మార్చవచ్చు. రాసుకోలేకపోతే ఉంచుకోవాలి.

వేటు ఎప్పుడూ కోచ్ మీదే పడటానికి కారణం ఉంది. మార్చడానికి సులువుగా చేతికందేది అతనే. కోచ్ జీతం శాలరీ క్యాప్ (జట్టు జీతాలకు లీగ్ పెట్టిన పరిమితి) లెక్కలోకి రాదు. ఆటగాళ్ల సంగతి అలా కాదు. లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ 2023లో కుదిరిన ఒప్పందం ప్రకారం, జీతాల పద్దు ‘రెండో ఏప్రన్’ అనే గీత దాటిన జట్టు ఇద్దరు ఆటగాళ్ల జీతాలు కలిపి చూపించి, వాళ్లకు బదులుగా ఒక పెద్ద ఆటగాణ్ని తెచ్చుకోలేదు. జట్టును కదిలించే దారి మూసుకుపోతే ఓనర్ చూపు బెంచ్ పక్కన నిలబడే కోచ్ మీదకు మళ్లుతుంది. అదీ చవక బేరమేం కాదు. డెట్రాయిట్ పిస్టన్స్ 2023లో మాంటీ విలియమ్స్‌కు 6 ఏళ్లకు 7.85 కోట్ల డాలర్లు రాసిచ్చింది. జట్టు వరుసగా 28 మ్యాచ్‌లు ఓడి, సీజన్‌ను 14-68తో (14 గెలుపులు, 68 ఓటములు) ముగించింది. ఒక్క సీజన్‌కే ఆయన్ను పంపేసింది. చెల్లించాల్సిన బాకీ మాత్రం ఇంకా సుమారు 6.5 కోట్ల డాలర్లు మిగిలింది.

గెలుపోటముల పట్టికను ఎందుకు నమ్మకూడదో చిన్న లెక్కతో చెబుతాను. సీజన్‌కు 82 మ్యాచ్‌లు. జట్టు సగటున ఎన్ని పాయింట్ల తేడాతో గెలుస్తోందో తీసుకుని, ఒక్కో పాయింటుకు రెండున్నర విజయాల చొప్పున, 82లో సగమైన 41కి కలిపితే ఆ జట్టు అసలు స్థాయి దాదాపుగా తెలుస్తుంది. సగటు తేడా 4 పాయింట్లయితే 51 విజయాలు రావాలి. 2024-25లో న్యూయార్క్ నిక్స్ తేడా దాదాపు అంతే, గెలిచినవీ 51. అదే తేడాతో ఒక జట్టు 45 దగ్గర ఆగిపోతే, రెండు మూడు పాయింట్ల దగ్గరి మ్యాచ్‌లు చేజారాయని అర్థం. అందులో అదృష్టం పాలే ఎక్కువ.

ఇంకొక మాయ ప్రత్యర్థుల త్రీ పాయింటర్లు, అంటే దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు. అవతలి జట్టు ఎన్ని త్రీలు వేయాలన్నది మన డిఫెన్స్ కొంతవరకు అదుపు చేయగలదు. వేసినవాటిలో ఎన్ని పడతాయన్నది పెద్దగా దాని చేతిలో లేదు. ప్రత్యర్థి మ్యాచ్‌కు 35 త్రీలు వేస్తాడనుకుందాం. 35 శాతం పడితే 12 పైచిలుకు, 40 శాతం పడితే 14. తేడా 1.75 షాట్లు, అంటే 5 పాయింట్ల పైనే. ఇదే లెక్క సీజనంతా సాగితే 13 విజయాలు ఎగిరిపోతాయి. ఒక నెలపాటు ఇలా జరిగిన జట్టులో ‘డిఫెన్స్ కుప్పకూలింది, కోచ్ మాట ఆటగాళ్లు వినడం లేదు’ అన్న వార్తలు మొదలవుతాయి. నిజానికి ఎవరూ ఏమీ మార్చలేదు. బంతులు పడ్డాయి, అంతే.

మరి కోచ్ చేతిలో నిజంగా ఉన్నదేమిటి? ఎవరు ఎన్ని నిమిషాలు ఆడాలి, జట్టు ఎక్కడి నుంచి షాట్లు వేయాలి, స్క్రీన్ పడినప్పుడు (మన ఆటగాడి దారికి ప్రత్యర్థి అడ్డంగా నిలబడినప్పుడు) డిఫెన్స్ ఎలా నిలబడాలి, టైమ్‌అవుట్ ఎప్పుడు తీసుకోవాలి, ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో రెండు ఓడాక ఏం మార్చాలి. కాగితం మీద రాయాల్సింది వీటి గురించే.

సరిగ్గా రాసిన కాగితానికి గోల్డెన్ స్టేట్ వారియర్స్ మంచి ఉదాహరణ. 2013-14లో మార్క్ జాక్సన్ కోచింగ్‌లో 51-31. డిఫెన్స్‌లో లీగ్‌లో మూడో స్థానం. అలాంటి కోచ్‌ను ఎవరైనా తీసేస్తారా? కానీ మ్యాచ్‌కు ఇచ్చే పాసుల సంఖ్యలో ఆ జట్టుది అట్టడుగు స్థానం. స్టెఫెన్ కరీ లాంటి షూటర్‌ను పెట్టుకుని బంతిని ఒకచోటే ఆపేస్తున్నారు. రోగం స్పష్టం, మందూ స్పష్టం. తర్వాత వచ్చిన స్టీవ్ కెర్ పాత డిఫెన్స్‌ను ముట్టుకోలేదు, పాసులు పెంచాడు, ఆంద్రే ఇగ్వోడాలాను బెంచ్ మీదకు పంపి హారిసన్ బార్న్స్‌తో మ్యాచ్‌లు మొదలుపెట్టించాడు. 67-15, టైటిల్. 2015 ఫైనల్స్‌లో 2-1తో వెనకబడ్డప్పుడు సెంటర్ ఆండ్రూ బోగట్‌ను పక్కనబెట్టి అదే ఇగ్వోడాలాను మళ్లీ మొదటి అయిదుగురిలోకి తెచ్చాడు. వరుసగా మూడు గెలిచారు. ఆ ఆలోచన వీడియోలు చూసే ఒక కుర్ర సహాయకుడిదట. దాన్ని చెవిన వేసుకోవడమూ కోచింగే.

తప్పుగా రాసిన కాగితం చూడాలంటే మిల్వాకీ బక్స్ దగ్గరికి రావాలి. 2021లో టైటిల్ తెచ్చిన మైక్ బుడెన్‌హోల్జర్ 2023లో 58-24తో లీగ్‌లోనే ముందు నిలిచి, మొదటి రౌండ్‌లో ఎనిమిదో సీడ్ మయామీ హీట్ చేతిలో 4-1తో ఓడాడు. అయిదో మ్యాచ్‌లో ఆఖరి క్వార్టర్‌కు 16 పాయింట్లు ముందున్న జట్టు ఓవర్‌టైమ్‌లో 128-126తో పోగొట్టుకుంది. నిర్ణీత సమయం ఇంకా 0.5 సెకన్లు ఉండగా మయామీ ఆటగాడు జిమ్మీ బట్లర్ స్కోరు సమం చేశాడు. చివరి రెండు నిమిషాల్లో టైమ్‌అవుట్ అడిగితే బంతిని ప్రత్యర్థి సగంలోకి తెచ్చుకుని ఆట మొదలుపెట్టొచ్చన్నది నిబంధన. బుడెన్‌హోల్జర్ చేతిలో టైమ్‌అవుట్లు ఉన్నాయి. అడగలేదు. ఓవర్‌టైమ్ ఆఖరి క్షణాల్లోనూ అదే కథ, షాటే వేయకుండా గంట మోగిపోయింది. తప్పు కోచ్‌దే, కాదనడం లేదు. కానీ అదే సిరీస్‌లో బక్స్ స్టార్ యానిస్ ఆంటెటోకౌన్‌పో గాయంతో రెండు మ్యాచ్‌లు ఆడలేదు, ఆ అయిదో మ్యాచ్‌లో అతను వేసిన 23 ఫ్రీత్రోలలో 10 మాత్రమే పడ్డాయి. అవి ఏ కోచ్ పద్దులో రాయాలి?

తరువాత జరిగిందే అసలు పాఠం. బుడెన్‌హోల్జర్ డిఫెన్స్‌లో ఏడడుగుల బ్రూక్ లోపెజ్ స్క్రీన్ పడ్డ చోటికి వెళ్లడు. వెనక్కి తగ్గి బాస్కెట్ దగ్గర కాపలా ఉంటాడు. దీన్నే డ్రాప్ అంటారు. ముందున్న గార్డ్ స్క్రీన్ మీదుగా తిరిగి బంతి ఉన్నవాడి వెంటపడతాడు, వాడికి దక్కేది మధ్యదూరపు షాట్ ఒక్కటే. ఈ ఏర్పాటు నడవాలంటే రెండు కావాలి: వెనక లోపెజ్, ముందు జ్రూ హాలిడే లాంటి పట్టువిడవని గార్డ్. 2023 సెప్టెంబరులో డేమియన్ లిల్లార్డ్ కోసం హాలిడేనే ఇచ్చేశారు. కొత్త కోచ్ ఏడ్రియన్ గ్రిఫిన్ దానికి తోడు 35 ఏళ్ల లోపెజ్‌ను స్క్రీన్ దాకా ముందుకు లాగాడు. లోపెజ్ పాదాలకు ఆ వేగం లేదు. అతను ముందుకొస్తే వెనక బాస్కెట్ దగ్గర కాపలా ఎవరూ లేరు. పాత పద్ధతికి మారుద్దామని ఆటగాళ్లే అడగాల్సి వచ్చింది. అంతకు ముందు ఏడాది మొదటి అయిదు జట్లలో ఉన్న డిఫెన్స్ కింది సగంలోకి జారింది. 2024 జనవరిలో 30-13తో ఉన్న గ్రిఫిన్‌నూ పంపేసి డాక్ రివర్స్‌ను తెచ్చారు. ఆయన కింద 17-19, మళ్లీ మొదటి రౌండ్‌లోనే ఇంటికి. టైమ్‌అవుట్ రోగానికి డిఫెన్స్ మార్చే మందు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

ఒకచోట పనికిరాడన్న కోచ్ ఇంకోచోట పనికొస్తాడనడానికి క్లీవ్‌లాండ్ చూడండి. 2024లో కావలియర్స్ 48-34తో రెండో రౌండ్ దాకా వెళ్లినా జె.బి. బికర్‌స్టాఫ్‌ను తీసేసి కెన్నీ అట్కిన్సన్‌ను పెట్టుకున్నారు. దాదాపు అదే జట్టు. డొనొవన్ మిచెల్ నిమిషాలు 35 నుంచి 31కి తగ్గాయి, పొడగరి ఎవన్ మోబ్లీ చేత త్రీలు ఎక్కువగా వేయించారు, బంతి చకచకా కదిలింది. మొదటి 15 మ్యాచ్‌లూ గెలిచి, 64-18తో ముగించారు. కాగితం సరైనదే. మరి బికర్‌స్టాఫ్? అదే డెట్రాయిట్‌కు వెళ్లి 14-68 జట్టును 44-38కి చేర్చాడు. అనుభవమున్న షూటర్లను తెచ్చిన కొత్త యాజమాన్యం పాత్రా అందులో ఉంది. కుర్రాళ్లకు డిఫెన్స్ నేర్పే మనిషి ఒకరికి కావాలి, నేర్చుకున్నవాళ్ల చేత వేగంగా ఆడించే మనిషి ఇంకొకరికి కావాలి. ఇద్దరూ మంచి కోచ్‌లే. (అన్నట్టు, 2025 ప్లేఆఫ్స్ రెండో రౌండ్‌లో క్లీవ్‌లాండ్ మళ్లీ 4-1తోనే ఓడింది. ఫలితం చూసి తీర్పు చెప్పేవాళ్లు అట్కిన్సన్‌నూ పంపాలి కదా!)

టొరంటో రాప్టర్స్ కథను చాలామంది సగమే చెబుతారు. 59-23తో అప్పటికి క్లబ్ చరిత్రలోనే మేటి సీజన్ ఆడించిన డ్వేన్ కేసీని 2018లో తీసేశారు, కొన్ని వారాలకే ఆయనకు ఆ ఏటి ఉత్తమ కోచ్ అవార్డు వచ్చింది, 2019లో నిక్ నర్స్ టైటిల్ తెచ్చాడు, కాబట్టి ధైర్యంగా మార్చాలి అని. మధ్యలో డిమార్ డిరోజన్‌ను ఇచ్చి కవాయ్ లెనార్డ్‌ను తెచ్చుకున్న సంగతి ఆ కథలో ఉండదు. నర్స్ తెలివైనవాడే, ఫైనల్స్‌లో కరీ మీద బాక్స్-అండ్-వన్ డిఫెన్స్ (ఒకరు అతని వెంటే, మిగతా నలుగురు బాస్కెట్ చుట్టూ) వేసిన మనిషి. అయినా లెనార్డ్ లేకుండా ఆ కప్పు వచ్చేదని వాదించడం కష్టం.

ఉంచుకున్నవాళ్లు బాగుపడ్డ ఉదాహరణలు ఇంతకన్నా తక్కువ ప్రచారంలో ఉంటాయి. లెబ్రాన్ జేమ్స్ చేరాక మయామీ 2010లో 9-8తో తడబడితే ఎరిక్ స్పోల్‌స్ట్రాను తప్పించాలన్న ఒత్తిడి వచ్చింది. క్లబ్ ప్రెసిడెంట్ ప్యాట్ రైలీ కదల్లేదు. 2011 ఫైనల్స్ ఓడాక స్పోల్‌స్ట్రా తన ఆటను తానే మార్చుకున్నాడు, క్రిస్ బోష్‌ను సెంటర్‌గా ఆడించి కోర్టును విశాలం చేశాడు. 2012, 2013 టైటిళ్లు వచ్చాయి. కొత్తవాడు మార్చాల్సింది ఉన్నవాడే మార్చగలడా అన్నది కూడా యాజమాన్యం అడగాల్సిన ప్రశ్న. ఇక ఓక్లహోమా సిటీ థండర్‌లో మార్క్ డేగ్నో వరుస లెక్క ఇది: 22-50, 24-58, 40-42, 57-25, 68-14, 2025 టైటిల్. మొదటి రెండేళ్లు పట్టిక చూసి తీర్పు చెప్పి ఉంటే మూడో ఏడాదే ఉండేది కాదు.

ఇప్పుడు అందరూ అడిగే నిక్స్ సంగతి. 2000 తరువాత మొదటిసారి ఈస్టర్న్ కాన్ఫరెన్స్ ఫైనల్‌కు (లీగ్ ఫైనల్స్‌కు ముందు దశ) చేర్చిన టామ్ తిబోడోను 2025 జూన్ 3న తీసేశారు. ఆయన మీద రాయదగ్గ కాగితం నిజంగానే ఉంది. మొదటి అయిదుగురిలో ప్రతి ఒక్కరూ మ్యాచ్‌కు 35 నిమిషాలు, అంతకు మించి ఆడారు. ఇండియానా పేసర్స్‌తో మొదటి మ్యాచ్‌లో మూడు నిమిషాల లోపు 14 పాయింట్ల ఆధిక్యం పోగొట్టుకున్నారు. జాష్ హార్ట్‌ను బెంచ్‌కు పంపి మిచెల్ రాబిన్సన్‌తో మొదలుపెట్టడానికి మూడో మ్యాచ్ దాకా ఆగారు. ఇంతవరకు సరే. కానీ తరువాత ఎవరన్నది రాసుకోకుండానే పంపేశారు. వేరే జట్లలో ఒప్పందంలో ఉన్న కోచ్‌లతో మాట్లాడతామని అనుమతి అడిగితే ఆ జట్లు కుదరదన్నాయి. నెల గడిచాక మైక్ బ్రౌన్‌ను తీసుకున్నారు. బ్రౌన్‌కు ఎంత పేరున్నా, మొదట మనసులో ఉన్నది వేరేవాళ్లని అందరికీ తెలిసిపోయింది. నా లెక్కన ఇది సగమే రాసిన కాగితం.

చివరిగా డెన్వర్. 2025 ఏప్రిల్ 8న, లీగ్ దశలో మూడంటే మూడు మ్యాచ్‌లుండగా, 2023 టైటిల్ తెచ్చిన మైఖేల్ మలోన్‌ను నగ్గెట్స్ పంపేసింది. అప్పటికి జట్టు 47-32. పగ్గాలు అందుకున్న సహాయకుడు డేవిడ్ అడెల్మన్ ఆ మూడూ గెలిచి, రెండో రౌండ్‌లో థండర్‌ను ఏడో మ్యాచ్ దాకా లాగాడు. ఇందులో గమనించాల్సింది ఇంకొకటి ఉంది. అదే రోజు ఆటగాళ్ల ఎంపిక చూసే జనరల్ మేనేజర్ కాల్విన్ బూత్‌నూ తీసేశారు. కుర్రాళ్లను ఆడించాలని బూత్, అనుభవజ్ఞులతోనే నెట్టుకొస్తానని మలోన్, ఇద్దరికీ పొసగలేదు. బెంచ్ మీద నమ్మదగ్గ ఎనిమిదో ఆటగాడు లేకపోతే ఆ లోటు ఎవరి పద్దులో రాయాలి? డెన్వర్ ఇద్దరి పద్దులోనూ రాసింది. చాలా జట్లలో ఆ కాగితం రాసేది జనరల్ మేనేజరే కాబట్టి, ఆయన పేరు అందులో కనిపించదు.

ఇట్లు,
ఒక బాస్కెట్‌బాల్ పాఠకుడు