బహుభాషా ప్రదర్శనకు పక్కవాద్యాలు కావాలి

సంపాదకులకు నమస్కారం.

రైలు ప్రయాణం కథగా అల్లిన బహుభాషా సంగీత ప్రదర్శనపై మీ పత్రికలో వచ్చిన సమీక్ష చదివాను. ఆ సాయంత్రం నేనూ హాల్లో ఉన్నాను. సమీక్షకులు మెచ్చుకున్నవన్నీ మెచ్చుకోదగినవే. ముఖ్యంగా గోదావరి వంతెన మీద రైలు ఆగిపోయే రంగం. బెంగాలీ అమ్మాయి భటియాలీ ఎత్తుకుంది. ప్రవాహానికి పడవను వదిలేసి పాడుకునే పాట కాబట్టి తొందర లేకుండా సాగుతుంది. కేరళ యువకుడు వంచిపాట్టు అందుకున్నాడు. అది తెడ్డు వేసేవాళ్ల పాట, నడక బిగువుగా ఉంటుంది. వెనక నుంచి మనవాళ్లు ‘హైలెస్సా’ అంటూ కలిశారు. నా పక్క కుర్చీలోని పెద్దావిడకు ఆ రెండు భాషలూ రావు. అయినా తొడ మీద తాళం వేస్తూనే ఉన్నారు.

అయితే, ఇలాంటి ప్రయోగం తెలుగువారికి కొత్త అని ఆ సమీక్షలో అన్న మాటను మాత్రం నేను ఒప్పుకోలేను. తెలుగు నాటకం పుట్టిందే దారిన వచ్చిన పాటల మధ్య. 1880లో ధార్వాడ నాటక సమాజం మా రాజమహేంద్రవరం వచ్చి హిందీ నాటకాలు ఆడింది. వాళ్లు వెళ్లిపోయాక, వాళ్లు వేసుకున్న పాకలోనే కందుకూరి వీరేశలింగం పంతులుగారు తన విద్యార్థులతో తెలుగు నాటకం ఆడించారు. బందరులో నాదెళ్ల పురుషోత్తమకవి ఏకంగా హిందూస్థానీలోనే నాటకాలు రాశారు, అదీ తెలుగు లిపిలో. ఇక సురభి నాటక సమాజం వారి పూర్వీకులు మరాఠా ప్రాంతం నుంచి తోలుబొమ్మలతో ఊరూరా తిరుగుతూ వచ్చినవారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’ ఆడి, ఆ ఊరి పేరే తమ పేరు చేసుకున్నారు.

పాత నాటకాల పుస్తకాలు ఎవరి ఇంట్లోనైనా ఉంటే ఒకసారి తిరగేయమని మనవి. పాట పైన రాగం, తాళంతోపాటు ‘ఫలానా పాట మట్టు’ అని, అంటే ఆ పాట వరుసలో పాడాలని, చిన్న అక్షరాలతో అచ్చువేసి ఉండేది. ఆ ఫలానా పాట చాలాసార్లు హిందూస్థానీదో, పార్సీ నాటక కంపెనీలు పాడిందో అయ్యేది. మా గురువుగారు ఆ ఒక్క ముక్క చూసి హార్మోనియం మీద వరుస వాయించేవారు. ఎవరి దగ్గర తీసుకున్నదీ ఆ పుస్తకాలు దాచలేదు. మొన్నటి ప్రదర్శనకు పంచిన కరపత్రంలో ప్రాయోజకుల పేర్లన్నీ ఉన్నాయి. ఏ పాట ఏ ప్రాంతానిది, ఎవరు పాడుకునేది అన్న వివరం ఒక్కదానికీ లేదు. ఇది తప్పనిసరిగా సరిదిద్దుకోవలసిన లోపం.

నాకు అంతకన్నా ఎక్కువ బాధ కలిగించినది మరొకటి ఉంది. మూడు గంటల సంగీత ప్రదర్శనలో వేదిక మీద ఒక్క వాద్యం లేదు. పాటలకు వెనక వినిపించిందంతా ముందే రికార్డు చేసిన సంగీతం. భటియాలీ ముగింపులో ఆ అమ్మాయి పైస్థాయి అందుకోగానే హాలంతా చప్పట్లు కొట్టింది. ఆమె కళ్లు మెరిశాయి. అదే చరణం మళ్లీ ఎత్తుకుంది. రికార్డు ఆగలేదు, తర్వాతి పాట ఎత్తుగడలోకి వెళ్లిపోయింది. ఆమె సగం మాట మింగేసి దాని వెంట పరుగెత్తింది. ఆ పిల్ల ముఖం చూడలేకపోయాను. పద్యనాటకంలో ఒక పద్యానికి ‘వన్స్ మోర్’ పడితే హార్మోనిస్టులం మేం చేసేదేమిటి? నటుడు ఊపిరి తీసుకునేదాకా శ్రుతి పట్టి ఉంచుతాం. రాగం పెంచితే వెంట వెళతాం, తడబడితే స్వరం అందిస్తాం. సభ కోరింది, గాయని ఇవ్వబోయింది, అడ్డుపడింది యంత్రం. ఇచ్చిపుచ్చుకోవడమే కథగా ఎంచుకున్న ప్రదర్శనలో ఇలా జరగకూడదు.

ఖర్చు భరించలేమని నిర్వాహకులు అనవచ్చు. వాద్యబృందాన్ని ఊరూరా వెంట తిప్పడం నిజంగానే భారం. కానీ తిప్పనక్కరలేదు. ఈ ప్రదర్శన ఇంకా విజయవాడ, నెల్లూరు, కర్నూలు వెళుతుందని మీ పత్రికలోనే చదివాను. పద్యనాటకం బతికున్న ప్రతి ఊళ్లో హార్మోనిస్టులు, తబలా, డోలక్ వాయించేవారు, డప్పు కళాకారులు ఉన్నారు. వారిలో చాలామందికి నాటకాలు తగ్గి చేతినిండా పని లేదు. దిగిన ఊళ్లో ఒకటి రెండు రోజులు వారితో కూర్చుని సాధన చేస్తే చాలు. వంచిపాట్టు నడకను మన డోలక్ కళాకారుడు పట్టుకోవడానికి ఒక పూట పట్టదు. ఆ సాధనలో కర్నూలు తబలావాద్యకారుడు ఒక బెంగాలీ పాట నేర్చుకుంటాడు, బెంగాలీ గాయని ఒక తెలుగు వరుస నేర్చుకుని వెళుతుంది. వేదిక మీద రైలు బొమ్మకు, వెలుగుల తెరలకు పెట్టిన దానిలో కొంత ఇటు మళ్లిస్తే సరిపోతుంది.

ఈ బృందం మళ్లీ మా ఊరు వస్తే వాయించడానికి నేనూ, నాకు తెలిసిన మరికొందరూ సిద్ధంగా ఉన్నాం. ఏయే పాటలు పాడతారో, ఎవరిది ఏ శ్రుతో ఒక వారం ముందుగా తెలియజేయగలరని మీ పత్రిక ద్వారా నిర్వాహకులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రంగస్థల హార్మోనిస్టు,
రాజమహేంద్రవరం