‘మీకు తెలుసా?’ సరే, మరి ఎందుకో?

ఎడిటర్ గారికి, నమస్కారం.

మీ పత్రిక ఆటల పేజీలో కింది మూలన ‘మీకు తెలుసా?’ అని ఒక చిన్న బాక్స్ వేస్తుంటారు. పేజీలో మిగతాదంతా తెల్లారేసరికే పాతబడిపోతుంది. స్కోర్లు రాత్రే ఫోన్లో చూసేసి ఉంటాం. ఆ బాక్స్ ఒక్కటే చద్దిబడదు కాబట్టి నేను మొదట దాన్నే చదువుతాను. నా ఫిర్యాదు కూడా దాని మీదే.

ఈమధ్య అందులో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ గురించి ఇలా వేశారు: ‘ఎన్‌బీఏ చరిత్రలో అతి తక్కువ పాయింట్లు నమోదైన మ్యాచ్ స్కోరు 19–18.’ అంతే, చుక్క పెట్టేశారు. ఇదేం అన్యాయమండీ! అసలు కథంతా ఆ చుక్క తరవాతే కదా ఉంది.

1950 నవంబర్ 22న మినియాపొలిస్ లేకర్స్ సొంత కోర్టులో ఫోర్ట్ వేన్ పిస్టన్స్‌తో ఆడుతున్నారు. లేకర్స్‌లో జార్జ్ మైకన్ అని ఆరడుగుల పది అంగుళాల మనిషి ఉన్నాడు. మామూలుగా ఆడితే అతని ముందు నిలవలేమని పిస్టన్స్‌కి తెలుసు. అందుకని అసలు ఆడకుండా ఉండటమే మేలనుకున్నారు. బంతి దొరికితే చాలు, పట్టుకుని నిలబడటం, పక్కవాడికి ఇవ్వడం, మళ్ళీ తీసుకోవడం. ఇన్ని సెకన్లలోపు షాట్ వేసి తీరాలన్న నిబంధన అప్పటికి లేదు మరి, రిఫరీ మాత్రం ఏం చేస్తాడు? లేకర్స్ సాధించిన 18 పాయింట్లలో 15 మైకన్‌వే. చివరి క్వార్టర్ మొత్తమ్మీద రెండు జట్లూ కలిసి చేసింది నాలుగంటే నాలుగు పాయింట్లు. ఆఖరి సెకన్లలో పిస్టన్స్ ఒక్క బాస్కెట్ వేసి, మ్యాచ్ పట్టుకుని వెళ్ళిపోయారు. టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్ళ మొహాలు ఎలా ఉండి ఉంటాయో వేరే చెప్పాలా?

ఇలాంటి సాగతీత ఆటలతో విసిగిపోయి 1954లో సిరక్యూస్ నేషనల్స్ అనే జట్టు యజమాని డానీ బయసోన్ ఒక భాగహారం చేశాడు. మ్యాచ్ 48 నిమిషాలు, అంటే 2,880 సెకన్లు. చూడముచ్చటగా సాగిన మ్యాచ్‌ల్లో ఒక్కో జట్టు అరవై చొప్పున, రెండూ కలిసి 120 షాట్లు వేస్తున్నాయి. 2,880ని 120తో భాగిస్తే 24. ఇవాళ బాస్కెట్ పైన వెలిగే 24 సెకన్ల షాట్ క్లాక్ పుట్టింది ఆ లెక్కలోంచే. అది పెట్టిన మొదటి సీజన్లోనే ఒక్కో జట్టు సగటు స్కోరు 79.5 నుంచి 93.1కి లేచింది. ఇప్పుడు చెప్పండి, 19–18 అన్నది వట్టి అంకెలేనా?

ప్రో కబడ్డీ చూసేవాళ్ళకి ఇది ఎక్కడో విన్నట్టే అనిపిస్తుంది. ఆధిక్యంలో ఉన్న జట్టు రెయిడర్ కూతకెళ్ళి, దాటి తీరాల్సిన బాక్ లైన్ అన్న గీత దాటి, ఎవర్నీ ముట్టుకోకుండా తిరిగొచ్చేస్తూ ఉంటే గడియారం దానంతటదే తిరిగిపోతుంది. అందుకే డూ ఆర్ డై రెయిడ్ పెట్టారు. వరసగా రెండు రెయిడ్లు ఖాళీగా వస్తే, మూడోదాంట్లో పాయింట్ తేవాలి, లేదంటే రెయిడరే అవుట్. బాస్కెట్‌బాల్‌కి పట్టిన రోగమే, మందు కూడా ఆ కోవదే. ఈ రెండు ముక్కలూ పక్కపక్కన వేస్తే ఎంత బాగుంటుంది! మీ సబ్ ఎడిటర్లు ఎన్‌బీఏని ఒక రోజు, కబడ్డీని ఇంకో రోజు వేసి, ఆ చుట్టరికం తెలియకుండా చేసేస్తారు.

‘గూగుల్ ఉండగా ఇవన్నీ బుర్రలో మోయడం ఎందుకు నాన్నా?’ అంటుంది మా అమ్మాయి. గూగుల్ అడిగినదానికే జవాబు చెబుతుంది తల్లీ, ఏం అడగాలో తెలియనివాడికి ఏం చెబుతుంది?

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్‌కి వద్దాం. 1989 మే 26, సీజన్లో ఆఖరి మ్యాచ్. లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌కి ఆర్సెనల్ వచ్చింది. టైటిల్ కావాలంటే ఆర్సెనల్ కనీసం రెండు గోల్స్ తేడాతో గెలవాలి. ఒకటి కొట్టేశారు. రెండోది ఎంతకీ రాదే. తొంభై నిమిషాలూ దాటిపోయాక ఇంజురీ టైమ్‌లో మైకేల్ థామస్ కొట్టాడు. 2–0. ఇంతవరకూ అందరూ రాస్తారు, మీరూ రాశారు. నేను అడిగేది ఆ తరవాతి లెక్క. రెండు జట్లకీ పాయింట్లు సమానం, 76. గోల్స్ తేడా కూడా సమానమే, 37. ఆర్సెనల్ 73 కొట్టి 36 ఇచ్చింది, లివర్‌పూల్ 65 కొట్టి 28 ఇచ్చింది. తేడా కూడా తేల్చలేదు కాబట్టి ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్ళకి కప్పు ఇచ్చారు.

ఇక్కడే అసలు మెలిక. అంతకు పదమూడేళ్ళ ముందు, 1976 వరకూ అక్కడ గోల్స్‌ని తీసివేసేవాళ్ళు కాదు, భాగించేవాళ్ళు. కొట్టిన గోల్స్‌ని ఇచ్చిన గోల్స్‌తో భాగించి సగటు తీసేవాళ్ళు. ఆ పాత పద్ధతే ఉండి ఉంటే లివర్‌పూల్‌కి 2.32, ఆర్సెనల్‌కి 2.03. థామస్ ఆ గోల్ కొట్టినా కప్పు లివర్‌పూల్‌దే! గోడకట్టుకుని కూర్చునే జట్లకి సగటు పద్ధతి లాభిస్తోందని, గోల్స్ ఎక్కువ పడాలని నిబంధన మార్చారు. ఆ మార్పు ఫలితం పదమూడేళ్ళ తరవాత ఒక్క రాత్రి తేలింది. ఈ లెక్క వేసి చూసుకున్నాక నాకు నెట్ రన్ రేట్ మీద కూడా కొంచెం గౌరవం పుట్టింది. (ఆలౌటైన జట్టుకి ఆడిన ఓవర్లు కాకుండా ఇరవైకి ఇరవై ఓవర్లూ లెక్కగడతారన్న సంగతి ఇప్పటికీ సగం మందికి తెలియదు. అది కూడా ఒకసారి వేయండి.)

డబ్బు సంగతులకైతే మీరు పేజీ మొత్తం ఇచ్చేస్తారు. ఐపీఎల్ వేలంలో రిషభ్ పంత్‌కి 27 కోట్లు పలికినరోజు ఆ అంకె అరపేజీ సైజులో పడింది. మంచిదే. కానీ నా దృష్టిలో ఆటల చరిత్రలో అందరికన్నా తెలివైన బేరం బాబీ బొనిల్లాది. ఈ బేస్‌బాల్ ఆటగాడికి న్యూయార్క్ మెట్స్ క్లబ్ 2000లో ఇవ్వాల్సింది 59 లక్షల డాలర్లు. ఆ డబ్బు ఇచ్చి పంపేస్తే పోయేది. దానికి బదులు ఎనిమిది శాతం వడ్డీతో, 2011 నుంచి 2035 దాకా ఏటా జులై 1న దాదాపు 11.9 లక్షల డాలర్ల చొప్పున ఇస్తామని ఒప్పందం రాసుకున్నారు. అతను ఆట మానేసింది 2001లో. 72 ఏళ్ళు వచ్చేదాకా జీతం మాత్రం అందుతూనే ఉంటుంది. క్లబ్‌వాళ్ళు అంత అమాయకులా అంటే, కాదు. తమ సొమ్ము అంతకన్నా ఎక్కువ రాబడి తెచ్చే చోట ఉందన్న ధీమా వాళ్ళది. ఆ సొమ్ము పెట్టింది, పెట్టుబడుల పేరుతో జనాన్ని నిలువునా ముంచిన బెర్నీ మేడాఫ్ దగ్గర! 2008లో మేడాఫ్ దొరికిపోయాడు, బొనిల్లా చెక్కు మాత్రం ఆగలేదు. ప్రతి జులై 1కీ అమెరికా అభిమానులు ‘బాబీ బొనిల్లా డే’ అని సరదాగా పండగ చేసుకుంటారు. ‘మేడాఫ్’ అన్న మాట లేకుండా ఈ సంగతి వేస్తే, ఉప్పు లేని పప్పే.

పేర్ల గురించి ఎక్కువ చెప్పను. లేకర్స్ అంటే సరస్సులవాళ్ళు. పదివేల సరస్సుల నేల అని పేరున్న మిన్నెసోటాలో పుట్టిన జట్టు 1960లో పేరు మార్చుకోకుండా లాస్ ఏంజెలెస్‌కి మకాం మార్చేసింది. జాజ్ సంగీతం పేరు పెట్టుకున్న బాస్కెట్‌బాల్ జట్టు న్యూ ఆర్లీన్స్ జాజ్ కూడా అంతే, 1979లో యూటాకి వెళ్ళినా సంగీతం వదల్లేదు.

ఐపీఎల్‌లో ఒకప్పటి మన హైదరాబాద్ జట్టు డెక్కన్ చార్జర్స్ దగ్గర మాత్రం ఆగాలి. 2008లో పద్నాలుగు మ్యాచ్‌ల్లో రెండే గెలిచి ఆఖరి స్థానంలో నిలిచిన జట్టు, 2009లో కప్పు కొట్టింది. లోక్‌సభ ఎన్నికల వల్ల ఆ ఏడాది టోర్నీ దక్షిణాఫ్రికాకి వెళ్ళింది, అందుకే మనవాళ్ళు గెలిచిన ఫైనల్ జొహన్నెస్‌బర్గ్‌లో జరిగింది. అదే సీజన్లో సెంచూరియన్‌లో ముంబై ఇండియన్స్ మీద ఒక కుర్రాడు హ్యాట్రిక్ తీశాడు. ఒక ఓవర్ చివరి రెండు బంతులకి అభిషేక్ నాయర్, హర్భజన్. తన తరవాతి ఓవర్ మొదటి బంతికి డుమిని. మొత్తం ఆరు పరుగులిచ్చి నాలుగు వికెట్లు. ఆ ఆఫ్ స్పిన్నర్ పేరు రోహిత్ శర్మ! 2011లో ఆటగాళ్ళందర్నీ దాదాపు మళ్ళీ వేలానికి పెట్టడంతో అదే ముంబై అతన్ని కొనుక్కుంది, తరవాత కెప్టెన్ని చేసి అయిదు కప్పులు సంపాదించుకుంది. అప్పుడు గాయం చేసినవాణ్ణే ఇంట్లో పెట్టుకున్నారన్నమాట.

కాబట్టి నా మనవి చిన్నదే. పైన వేసే ఫొటోని ఒక అంగుళం తగ్గించండి. ఆ జాగాలో ‘మీకు తెలుసా?’ కింద ‘ఎందుకంటే...’ అని మరో నాలుగు లైన్లు ఇవ్వండి. మీ దగ్గర మనుషులు చాలకపోతే పాఠకుల్ని అడగండి, మాలాంటి పని లేనివాళ్ళు బోలెడుమంది ఉన్నాం.

మొదటి వారానికి నా తరఫున ఒకటి. 2013 ఏప్రిల్ 23న బెంగళూరు జట్టు పుణె మీద అయిదు వికెట్లకి 263 కొట్టింది, అందులో గేల్ ఒక్కడివే 175 నాటౌట్. సరిగ్గా నాలుగేళ్ళకి, 2017 ఏప్రిల్ 23న, అదే బెంగళూరు కోల్‌కతా చేతిలో 49కి ఆలౌట్. గేల్, కోహ్లీ ఇద్దరూ ఉన్న జట్టులో ఒక్కడూ రెండంకెల స్కోరు చేరలేదు, అందరికన్నా ఎక్కువ కొట్టిన కేదార్ జాదవ్‌వి తొమ్మిది.

దీనికి మాత్రం ఎందుకో నన్ను అడగకండి.

ఇట్లు,
మీ ఆటల పేజీ పాఠకుడు